మేళం తరఫు

భుజాన సంచీతో చదువుకున్న మనిషి ఎవరైనా మా ఇంటి గేటు తీశారంటే, రిటైరైన నాటినుంచీ నాకు రెండే అనుమానాలు: ఇన్సూరెన్సు, లేదా మంచినీళ్ళ ఫిల్టరు. నివేదిత అనే ఆ బెంగుళూరు అమ్మాయి ఈ రెండూ కాదని తేలడానికి ఒక కాఫీ ఖర్చయింది. పాత క్యాసెట్లు వెతికి పట్టుకుని వాటిలోని సంగీతాన్ని ఇంటర్నెట్లో పెట్టడం తన పని అంది. అది పనెలా అవుతుందని నేను అడగలేదు. డిగ్రీ కాలేజీలో కామర్సు చెప్పినవాణ్ణే గానీ, పనికీ ఆదాయానికీ సంబంధం ఉండి తీరాలని పట్టుబట్టే వయసు దాటిపోయింది. "మునిరత్నం గారు మీ చిన్నాన్నే కదండీ?" అంది. "ఏం చేశాడు?" అన్నాను. మా ఇంట్లో చిన్నాయన పేరు బయటివాళ్ళు ఎత్తితే ముందుగా వచ్చే ప్రశ్న అదే. నోటికి అలవాటైపోయింది.

ఆయన గొప్ప ఎలక్ట్రానిక్ సంగీతకారుడనీ, ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఆయన చేసినవి వింటున్నారనీ చెప్పింది. మా వీధిలో ఆయన్ని పెట్టె మునిరత్నం అనేవాళ్ళు. ఆ మాట చెప్పి ఆమె ఉత్సాహం చల్లార్చడం ఎందుకని ఊరుకున్నాను. ఆమె తన హెడ్‌ఫోన్లు నా చెవులకు తగిలించి చిన్నాయన గట్టిమేళం వినిపించింది. తాళి కట్టే క్షణంలో పంతులు వేలు ఆడించి గట్టిమేళం అనగానే నాదస్వరమూ డోలూ ఒక్కసారిగా విరుచుకుపడతాయి కదా, ఎవరి తుమ్మో, ఏడుపో, చెడుమాటో పెళ్ళికూతురి చెవిన పడకుండా. చిన్నాయన దాన్ని నాదస్వరమూ డోలూ లేకుండానే చేశాడు. నగరి మరమగ్గాల చప్పుడు, మా అమ్మ ఇడ్లీ గుండిగ మూత, సాగదీసిన బస్సు హారను, ఇంకా ఆయనకే తెలిసిన ఏవేవో కలిపి. తిరుపతి కల్యాణ మండపాల్లో చాలాకాలం అదే మోగింది. ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కానీ ఆ హెడ్‌ఫోన్లలో మాత్రం, ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది. ఏదో లేదు. ఏమిటో తెలియదు.

"శుభ్రం చేశాను సార్. మొదట్లో ఉస్సుమని ఒక నాయిస్ ఉండేది. తీసేశాను," అంది గర్వంగా. మంచి పని చేశావమ్మా అన్నాను. శుభ్రతను కాదన్న పాపం మాకెందుకు? ఆదివారం తనను కార్వేటినగరం తీసుకెళ్ళి చిన్నాయనను చూపించమని అడిగి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ లేని మెట్టు మీద ఆదివారం దాకా తడబడుతూనే ఉన్నాను.

నేను చదువుకోవడానికి కాలేజీలో చేరిన రోజుల్లో మేము తిరుపతిలో ఒక మిద్దె ఇంటి వెనక వాటాలో ఉండేవాళ్ళం. మా పెద్దలు కార్వేటినగరం రాజుల దగ్గర మేళం వాయించారట. కోట గోడలు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, ఉద్యోగాలు మాత్రం ముందే కూలిపోయాయి. పెళ్ళిళ్ళు ఎక్కువ జరిగే ఊరని నాయన నాదస్వరం ఎత్తుకుని తిరుపతి చేరాడు. మా ఇంట్లో పొద్దున లేవగానే కనిపించేది ఒక ఇత్తడి గ్లాసు, అందులో నీళ్ళలో నానుతున్న సీవాళీలు. సీవాళి అంటే నాదస్వరానికి నోటి దగ్గర పెట్టే చిన్న రెల్లు ముక్క. ఆ గ్లాసు ఎవరూ ముట్టకూడదు. చుట్టాలొచ్చినప్పుడు ఎవరో ఒకరు దాహమేసి ఆ నీళ్ళు తాగేవాళ్ళు, నీళ్ళల్లో ఏదో పుల్ల ఉందనేవాళ్ళు. నానిన రెల్లు వాసన, నాయన తమలపాకు వాసన, అమ్మ ఊరిబిండి పచ్చడి కోసం వేయించే చెనక్కాయల వాసన కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో ఫినాయిల్ వాసన తప్ప ఏమీ రాదు. ఆరోగ్యానికి మంచిదంటారు.

నాయన చిన్నప్పుడు బస్సు మెట్టు మీదనుంచి జారి ముక్కు విరగ్గొట్టుకున్నాడు. అది ఎడమకు వంగి అతుక్కుంది. దానివల్ల ఆయన ఊపిరి గట్టిగా పీల్చినప్పుడల్లా చివర్లో సన్నటి ఈల ఒకటి వచ్చేది. మనిషి ఎక్కడున్నాడో అమ్మ వంటింట్లోంచే ఆ ఈలను బట్టి చెప్పేది. నాదస్వరం అందుకునేటప్పుడు ఆయనకొక పద్ధతి ఉండేది. సీవాళిని రెండుసార్లు చప్పరించి, ఛాతీ నిండా ఊపిరి పీల్చి, ఈల వినిపించాక, ఒక్క క్షణం ఆగి ఊదేవాడు. ముక్కుతో శ్రుతి చూసుకున్నాకే నోటితో రాగం ఎత్తుకుంటాడని అమ్మ ఎగతాళి చేసేది.

చిన్నాయన నాయనకు తమ్ముడు. మా వరండాలో ఒక ట్రంకుపెట్టె, చాప ఆయన సంసారం. అన్న పక్కన డోలు కొట్టడానికని నేర్పించారు. చేతులు మంచివి, ఓపిక లేదు. డోలుకు కొత్త తోలు వేయించుకు రమ్మని మద్రాసుకు పంపితే, తోలు బదులు ఎవరో వాడి వదిలేసిన కీబోర్డు ఒకటి చంకన పెట్టుకుని దిగాడు. మామూలు కీబోర్డు కాదది. మైకులో ఏ చప్పుడు పట్టిస్తే ఆ చప్పుడునే బొత్తాలకు అంటగడుతుంది. కాకపోతే దాని జ్ఞాపకశక్తి చాలా తక్కువ, ఒక తుమ్ముకు సరిపోయేంత చోటుంటుంది. ఈ మాట ఊరికే అనడం లేదు. ఆయన మొదట పట్టింది మా అమ్మ తుమ్మునే. దాన్ని సరిగమలుగా వాయించి చూపించాడు. మోహన రాగంలో తుమ్ములు వినడం అదే మొదలు, ఆఖరు. అమ్మ కొన్నాళ్ళు ఆయనకు సంగటి పెట్టింది గానీ మాట్లాడలేదు.

ఆ కీబోర్డు పెట్టెతో చిన్నాయన చేయని కచ్చేరి లేదు. ఆదివారం పొద్దున చర్చిలో పాటలకు వాయించేవాడు. మధ్యాహ్నం పెళ్ళి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలు. జాతర వస్తే పలక మోతలు. మధ్యలో ఒక లాడ్జీకి కాలింగ్ బెల్లు పాట, పాల వ్యానుకు ఒక హారను. ఒక చోట పట్టిన చప్పుడు ఇంకోచోట పనికొస్తుందంటే ఆయన వదిలేవాడు కాదు. అందుకని ఆయన్ని పిలిచేవాళ్ళందరికీ ఆయన మీద అనుమానమే. స్తోత్రగీతం కింద జాతర పలక మోగుతోందని పాస్టరు గారికి అనుమానం. జాతర మోతలో చర్చి గంట కలిపాడని జాతర పెద్దలకు అనుమానం. రెండూ నిజమే. ఒకసారి ఇద్దరూ వేర్వేరుగా మా ఇంటికి వచ్చి, వాకిట్లో ఎదురుపడి, ఒకరి ఫిర్యాదు ఒకరు విని, ఎటూ తేల్చుకోలేక కాఫీ తాగి వెళ్ళారు. ఇద్దరూ ఆయన్ని పిలవడం మాత్రం మానలేదు. ఆయన వాయిస్తే మనుషులు మామూలుగా ఊగేదాని కంటే కొంచెం ఎక్కువే ఊగుతున్నారని ఇద్దరికీ తెలుసు.

అందరికంటే పెద్ద అనుమానం నాయనది. ఈ పెట్టె ఏదో ఒకరోజు తన నాదస్వరాన్ని మింగుతుందని. నాయన తన వాయిద్యాన్ని ఎవరినీ రికార్డు చేయనిచ్చేవాడు కాదు. రేడియోవాళ్ళు అడిగినా ఒప్పుకోలేదు. టేపులో పడితే నాదం పలచబడుతుందని బయటికి చెప్పేవాడు. ఇంట్లో చెప్పే కారణం వేరు: ఒకసారి పట్టుకున్నాక మళ్ళా మనల్ని పిలిచేదెందుకు? కామర్సు చదివినవాడిగా ఇందులో తప్పు పట్టలేకపోయాను. పెళ్ళి వీడియోల్లో ఆయన కనిపిస్తాడు, బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని. వినిపించేది మాత్రం వీడియో అబ్బాయి అతికించిన సినిమా పాట. ఆ లెక్కన నాయన ఊదిన డ్యూయెట్లు చాలానే ఉన్నాయి.

ఒక పొద్దున నాయన సాధకానికి మిద్దె మీదికి వెళ్ళాడు. నేను పక్కనే పుస్తకం పట్టుకుని, చదువుతున్నానని అందరూ అనుకునేలా కూర్చున్నాను. అమ్మ చాటలో వడియాలు ఆరబెట్టి ఉంచింది. నాయన సీవాళిని రెండుసార్లు చప్పరించి, ఛాతీ నిండా ఊపిరి పీల్చాడు. ఈల వినపడింది. ఊదలేదు. కళ్ళు చాట మీద నిలిచిపోయాయి. చాట కిందనుంచి ఒక నల్లటి వైరు బయలుదేరి మెట్ల వైపు పోతోంది. నాయన నాదస్వరం కిందికి దించాడు.

"మునీ, ఆ వైరు యాడికి పోతాది?"

"ఈడికేన్నా," అన్నాడు చిన్నాయన, మెట్ల మీద పెట్టె ఒళ్ళో పెట్టుకుని.

"నా నాదస్వరం ఆ పెట్టెలోకి దూరిందంటే నువ్వు నాకు తమ్ముడివి కాదు."

"నీ తోడి రాగం దీంట్లో యాడ పడతాదిన్నా? తుమ్ముకే చాల్లేదు."

"ఒట్టెయ్యి."

చిన్నాయన డోలు మీద ఒట్టేశాడు, అన్న నాదస్వరం తియ్యనని. డోలు కొట్టేది మానేసినోడు డోలు మీద ఒట్టేస్తే అదేం నిలబడతాదని గొణుక్కుంటూ నాయన కిందికి దిగిపోయాడు. ఆ పొద్దు సాధకం జరగలేదు. నాకు తెలిసి అలా జరగనిది ఆ ఒక్క పొద్దే. వైరు మాత్రం చాట కింద కొంచెంసేపు అట్లాగే ఉండిపోయింది. వడియాలు కొన్ని తగ్గి కనబడ్డాయి గానీ అది కాకుల పని అయ్యుండాలి.

ఆ తర్వాత కొన్ని నెలలకు గట్టిమేళం క్యాసెట్టు వచ్చింది. మొదట ఒక మండపం వాళ్ళు తీసుకున్నారు. పంతులు వేలు ఆడిస్తాడు, మండపం మనిషి మీట నొక్కుతాడు, అంతే. మేళగాళ్ళకు వాకిట్లో భోజనం పెట్టక్కర్లేదు, రైలు తప్పిపోతుందని వాళ్ళు తొందర చెయ్యరు. చూస్తుండగా ఊరంతా పాకింది. నాయనకు పిలుపులు తగ్గాయి. ఆయన తమ్ముణ్ణి తిట్టలేదు. అంతకంటే ఇబ్బంది కలిగించే పని మొదలుపెట్టాడు. పిలవని పెళ్ళిళ్ళకు వెళ్ళి, తన నాదస్వరం ఆ క్యాసెట్టులో ఎక్కడుందో పట్టుకోవాలని కూర్చోవడం. నా చెవులు చదువుకున్నవని నన్నూ వెంట తీసుకెళ్ళేవాడు.

ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, ఏ మండపంలో ముహూర్తముంటే ఆ మండపానికి. మూడో వరసలో చివరి కుర్చీ. తిరుపతిలో పిలుపు లేకుండా పెళ్ళి భోజనం చేసేవాళ్ళు కొత్తేమీ కాదు గనక మండపం వాళ్ళు కళ్ళు కాపలా పెట్టేవాళ్ళు. ఒకరోజు చందనం గిన్నె పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి వంగి అడిగాడు. "ఎవురి తాలూకు పెద్దాయనా? అబ్బాయి తరఫా, అమ్మాయి తరఫా?"

"మేళం తరఫు," అన్నాడు నాయన.

ఆ పెద్దమనిషి స్టేజీ వైపు చూశాడు. మేళం లేదు, రెండు స్పీకరు పెట్టెలున్నాయి. మళ్ళా నాయన వైపు చూశాడు. ఏమనుకున్నాడో, చందనం రాసి వెళ్ళిపోయాడు. పంతులు వేలు లేచింది. ముందు ఉస్సుమని ఒక చప్పుడు, దాని చివర సన్నగా కీచుమని ఇంకొకటి, ఆ వెంటనే మగ్గాలూ మూతలూ హారనూ కలిసి మోగేసరికి హాలంతా దద్దరిల్లింది. అందరూ అక్షింతలు వేస్తున్నారు. నాయన కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి, జేబు దొంగ కోసం సంతలో వెతికేవాడిలా ఆ మోతలో వెతుకుతున్నాడు.

"ఉండాదా నాయనా?" అన్నాను, విస్తరి ముందు.

"ల్యా." పప్పన్నం కలిపాడు. "యాడో లోపల దాసిపెట్టుంటాడు. మొదుట్లో ఆ ఉస్సు ఏందిరా, బుట్టలో పాము మాదిరి?"

టేపు పాతదైతే అట్లాగే వస్తుంది నాయనా అని చదువుకున్నవాడిగా వివరించాను. తలాడించాడు. ఎన్ని పెళ్ళిళ్ళు తిరిగినా ఆయనకు దొంగ దొరకలేదు. పోను పోను నాకొక అనుమానం మొదలైంది: దొరకనందుకు ఆయన సంతోషించడం లేదేమో. అంత నాదస్వరం మన పక్కనే ఉండగా ఆ పిచ్చోడు ఇడ్లీ మూత ఏరుకున్నాడే అని లోపల ఎక్కడో గుచ్చుకుంటోందేమో. అడిగి చెప్పించుకునే మనిషి కాదాయన. అన్నదమ్ములు పోట్లాడుకోలేదు. చిన్నాయన ఒకరోజు ట్రంకుపెట్టె ఎత్తుకుని కార్వేటినగరం వెళ్ళిపోయాడు. పండగలకు వచ్చేవాడు, నాయన ఎదురుగా కూర్చుని వానల గురించి మాట్లాడేవాడు. మా వైపు వానల గురించి ఎంతసేపు మాట్లాడగలరు?

పళ్ళు ఊడిపోయాక నాయన వాయించడం మానేశాడు. ఆయన పోయాక, ఒక మధ్యాహ్నం అమ్మ ఉన్నట్టుండి ఆయన వాయించింది ఏదైనా ఉంటే పెట్టరా అంది. అప్పటిదాకా నాకు తట్టనేలేదు. వెతికాను. వీడియోల్లో సినిమా పాటలు. రేడియోలో ఆయన లేడు. పాత పెళ్ళివాళ్ళ ఇళ్ళకు ఫోన్లు చేశాను. బంధువులు పంపిన ఫొటోల్లో బుగ్గలు మాత్రం ఉన్నాయి. ఆయన తనను తాను ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నాడంటే మాకు రవ్వంత కూడా మిగల్చలేదు. అమ్మ ఇంకోసారి అడగలేదు. తర్వాతి ఏడాది ఆమె కూడా పోయింది. అప్పటినుంచీ నాకు ఒకటే ఆశ. నాయన అనుమానమే నిజం కావాలని. చిన్నాయన ఒట్టు తప్పి ఉండాలని. సొంత చిన్నాయన దొంగ కావాలని అలిపిరిలో టెంకాయ కొట్టి మొక్కుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఆయన్ని నేరుగా అడగలేదు. లేదంటే ఆ ఆశ కూడా పోతుందని.

ఆదివారం నివేదిత కారులో కార్వేటినగరం వెళ్ళాం. చిన్నాయన ఇల్లు కోట గోడకు వెనక సందులో ఉంది. జుట్టుకు నల్లరంగు, కళ్ళకు మందపాటి అద్దాలు. మేము వెళ్ళేసరికి పక్కింటి మిక్సీకి ఫోను ఆనించి పట్టుకుని ఉన్నాడు. ఆ ఇల్లాలు అనుమానంగా చూస్తోంది. ఇప్పుడు పెట్టె అక్కర్లేదనీ, ఫోనులోనే ఎంత చప్పుడైనా పడుతుందనీ, తుమ్మేమిటి తుఫానే పడుతుందనీ చెప్పాడు. నివేదిత అడిగినదానికల్లా హుషారుగా జవాబులిచ్చాడు. సగం అబద్ధాలని నాకు తెలుసు. ఆమె రాసుకుంటూనే ఉంది. ఆయన మజ్జిగ తాగడానికి ఆగినప్పుడు ఇంక ఉండబట్టలేక అడిగేశాను.

"చిన్నాయనా, ఇప్పుడన్నా నిజం చెప్పు. ఆ మేళంలో నాయన నాదస్వరం ఉండాదా?"

"ల్యాదురా."

"రవ్వంత కూడా?"

"ఒట్టేసినా గదరా మీ నాయనకు."

ఇన్ని అబద్ధాలాడే మనిషి ఈ ఒక్క ఒట్టు దగ్గర హరిశ్చంద్రుడు కావాలా అని నాకు ఒళ్ళు మండింది. మాట మార్చడానికి, తను బాగుచేసిన గట్టిమేళం వినమని నివేదిత చిన్న స్పీకరు ముందుకు జరిపింది. చిన్నాయన పంతుల్లాగా వేలెత్తాడు. మగ్గాలు మోగాయి. ఆయన వేలు అట్లాగే గాల్లో ఆగిపోయింది.

"ఏంది పాపా ఇది? తల తీసేసి మొండెం ఇచ్చినావు?"

అది నాయిస్ అండీ అని ఆమె అంది. నాయిసని ఎవురు చెప్పినారని ఆయన అడిగాడు. అసలుది ఉందా, పారేసినావా అన్నాడు. ఆమె లాప్‌టాప్ తెరిచి వెతుకుతుంటే ఆయన మజ్జిగ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాడు. ఆమెకు దొరికింది. మొదటి ముక్క మాత్రం పెట్టమన్నాడు. ఒకసారి, ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా.

చప్, చప్ అని రెండు చిన్న చప్పుళ్ళు. తర్వాత పొడుగ్గా ఒక ఉస్సు. దాని చివర, ఎడమకు వంగిన ఈల.

"మీ నాయన," అన్నాడు చిన్నాయన. "మిద్దె మీద ఆ పొద్దు. నాదస్వరం తియ్యొద్దన్నాడు, తియ్యలా. ఊపిరి పీల్చుకోని, వైరు సూసి, ఊదకుండానే దించేసినాడు. అంత ఊపిరి ఉత్తగా పోకూడదు గదరా. దాని వెనకాల ఏదో ఒకటి మోగాల. నాకు తెలిసిన చప్పుళ్ళన్నీ తెచ్చి మోగించినా."

నాయనకు ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్తే తీసెయ్యమనేటోడు, అన్నాడు. అంత చెవి ఉన్నోడు, యాడో ఒక పెళ్ళిలో తనే పట్టుకుంటాడులే అనుకున్నాడట. మూడో వరసలో కళ్ళు మూసుకున్న నాయన గుర్తొచ్చాడు. ప్రతి తాళీ ఆయన ఊపిరితోనే మొదలైంది. ఆయన మాత్రం దాని వెనక ఎక్కడో తన రాగం కోసం గాలిస్తూ కూర్చున్నాడు. ఎవరి ముక్కు చప్పుడు వాళ్ళకు వినపడదు. నాదేముంది, పాత టేపని వివరించినవాణ్ణి.

తిరుగు దారిలో నాకు మా ఇంటి అనుమానపు బుద్ధి పోలేదు. చిన్నాయన తల్చుకుంటే పక్కింటి మిక్సీలోంచి కూడా మా నాయన ఊపిరి తీయగలడు. అది కల్పించినది అయ్యుండొచ్చా అని నివేదితను అడిగాను. మిషన్లతో పరీక్ష చేస్తే కొంతవరకు తెలుస్తుంది, చేయించమంటారా అంది. పుత్తూరు దాటేదాకా ఆలోచించి, వద్దన్నాను. తీసేసిన ఆ ముక్క మళ్ళీ మొదట్లో పెట్టేస్తానని తనే అంది.

మా వీధి చివర కల్యాణ మండపంలో ఇప్పటికీ ఆ మేళమే మోగుతుంది, క్యాసెట్టులోంచి కాదు, మేనేజరు ఫోనులోంచి, ఆ ఉస్సుతో సహా. ఫోనులోంచి ఏం వస్తుందో ఈ రోజుల్లో ఎవరికీ అనుమానం రాదు. పాస్టరు గారూ జాతర పెద్దలూ ఉన్న కాలంలో కనీసం వినేవాళ్ళుండేవారు. మొన్న ముహూర్తానికి ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. సూటు వేసుకున్న కుర్రాడొకడు నవ్వుతూ వచ్చి, "అంకుల్, మీరు అబ్బాయి తరఫా, అమ్మాయి తరఫా?" అన్నాడు. స్టేజీ మీద పంతులు వేలు లేస్తోంది.

"గమ్మున ఉండు నాయనా," అన్నాను. "మేళం తరఫు."